ఏ నీళ్లకో చెప్పకుండా అడిగిన రాడ్

కాలింగ్ బెల్ మోగగానే నేను తలుపు తీయను. ముందు కిటికీ తెర కొంచెం పక్కకు జరిపి, వచ్చినవాళ్ల చెప్పులు చూస్తాను. మొహాల చేత అబద్ధాలు చెప్పించడమే మా సినిమావాళ్ల పని కాబట్టి మొహాల మీద నాకు ఎప్పుడో నమ్మకం పోయింది. చెప్పులకు మాత్రం ఇంకా ఎవరూ నటన నేర్పలేదు.

నేను ఫోకస్ పుల్లర్‌ని. అంటే కెమెరా పక్కన నిలబడి, నటుడు ముందుకో వెనక్కో కదిలినప్పుడల్లా అతని బొమ్మ మసకబారకుండా లెన్స్ తిప్పేవాణ్ని. ఇప్పుడు పని మానేసి ఫిల్మ్‌నగర్‌లో ఒక పాత అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. మనిషి ఎటు కదులుతాడో అతనికంటే ముందు మనం పసిగట్టాల్సిన ఉద్యోగం అది. ఎడమకు వెళ్తానని చెప్పి కుడికి వెళ్లే నటులతో జీవితమంతా గడిపాక, ఎవరు ఏం చెప్పినా ఇంకేదో చేయబోతున్నారనే అనిపిస్తుంది. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది. "మీకు పాల ప్యాకెట్ మీద కూడా అనుమానమేనండీ" అంటుంది. నిజమే, తేదీ చూస్తాను. చూడకపోతే ఎలా?

ఆ రోజు కిటికీలోంచి కనిపించినవి ఆడమనిషి చెప్పులు. వాటి మీద ఎండిపోయిన పెయింటు చుక్కలున్నాయి. కొన్ని నీలం, కొన్ని ఇటుక రంగు, అక్కడక్కడా బంగారు రంగు. బంగారు రంగు ఇళ్లకు వేయరు, సెట్లకు వేస్తారు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ మనిషి అని అర్థమై నా ఒళ్లు మండింది. ఒకప్పుడు ఎవరో సినిమావాళ్లు "ఒక్క పూట షాటుకండీ" అని మా పెళ్లినాటి టేకు కుర్చీ పట్టుకెళ్లారు. సీనులో గోడకు నప్పలేదని దానికి ఆకుపచ్చ రంగు పూసి తిరిగి పంపించారు. ఆ కుర్చీని చూసినప్పుడల్లా మా ఆవిడ నావైపు అదోలా చూస్తుంది.

తలుపు తీశాను గానీ గ్రిల్ తీయలేదు. ముప్పై దాటిన మనిషి, చంకలో హెల్మెట్, చున్నీని నడుముకు బిగించి కట్టుకుంది.

"నమస్తే సార్. మీ తాన చేపలు పట్టే రాడ్లున్నయని విన్న."

"ఎవరు చెప్పారు?"

"కృష్ణానగర్ల చెప్పిన్రు."

"కృష్ణానగర్లో ఎవరు?" సినిమా పనివాళ్లంతా ఉండే పేట అది.

"అందరు చెప్తరు సార్. ఫిల్మ్‌నగర్ల ఒక పెద్దాయన మిద్దె మీద నీళ్లు లేకుండ చేపలు పడుతడని."

లోపల్నుంచి మా ఆవిడ పకపకా నవ్వింది. ఇక గ్రిల్ తీయక తప్పలేదు.

ఆ మాటలో అబద్ధం లేదు. నేను ప్రతి ఉదయం మిద్దె మీద రాడ్ విసరడం సాధన చేస్తాను. ఇది మామూలు గాలం కాదు. మామూలు గాలంలో ఎర బరువు, ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఇందులో ఎర అంటే ఈకలూ దారమూ కలిపి కట్టిన ఉత్తుత్తి ఈగ. ఊదితే ఎగిరిపోతుంది. బరువంతా లైనులోనే, అంటే ఈ గాలం దారంలోనే ఉంటుంది. రాడ్‌ని వెనక్కీ ముందుకీ ఊపి, గాలిలో ఆ లైనును చాపి, ఈగ నిజంగా వచ్చి వాలినట్టు నీళ్ల మీద వాల్చాలి. హిమాచల్‌లో ఒక పాట షూటింగుకు వెళ్లి వానలో చిక్కుకుపోయినప్పుడు, మేమున్న లాడ్జి కాపలాదారు నాకు ఈ పిచ్చి అంటించాడు. ఇప్పుడు నా దగ్గర నాలుగు రాడ్లున్నాయి. ఒక్కోటీ ఒక్కో రకం నీళ్లకు.

ఆ అమ్మాయి సోఫా అంచున కూర్చుని తన సంగతి చెప్పుకుంది. వాళ్లది బోరబండ. చాలా ఏళ్లుగా సెట్లలో సామాన్లు చూసే పని.

"మా ఆర్ట్ డైరెక్టర్ సారు ఇంకో పెద్ద సినిమాకు పోయిండు. గీ సినిమా నా చేతుల పెట్టి పోయిండు. ఔట్‌డోర్ మంచిగయితే తెర మీద నా పేరు పడుతది. గాకుంటే మళ్ల పాత పనే, సెట్టు ఇప్పినంక మేకులు ఏరుకునుడు."

"రాడ్‌కీ దానికీ సంబంధం ఏమిటి?"

"హీరోకు గీ చేపల ముచ్చట శానా తెలుసట సార్, ఫారిన్ల నేర్చుకున్నడు. ఆ నీళ్లకు పట్టే రాడ్ కాకపోతే షాట్‌కు రానన్నడు. నవ్వులపాలు గానన్నడు."

ఆ హీరో ఎవరో కూడా చెప్పింది. అతను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. పిల్లకాలువ దగ్గర పెద్ద నది రాడ్ పట్టుకుని నిలబడితే, తెలిసినవాడికి అది వంటింట్లోకి గునపం తెచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే మొదటి ప్రశ్న అడిగాను.

"ఏ నీళ్లు?"

ఆమె కింది పెదవి పంటి కింద నొక్కింది. "గది చెప్పొద్దు సార్."

"ఏమిటీ?"

"కథ బయటికి పోవద్దని ప్రొడ్యూసర్ సారు గట్టిగ చెప్పిండు. మా డిపార్ట్‌మెంట్లకెల్లి ఒక్క ముక్క బయటవడ్డా, ముందు నేను ఇంటికి పోవాలె."

రోగం చెప్పను, మందు మాత్రం ఇవ్వండి అన్నట్టుంది వ్యవహారం. అదే మాట అన్నాను. నీళ్లు వెడల్పా, సన్నమా? పారుతున్నాయా, నిలిచి ఉన్నాయా? గాలి ఉందా? వెనక చెట్లున్నాయా? చేప ఎంత? ఇవి తెలియకుండా రాడ్ ఇవ్వడం నా వల్ల కాదని ఖచ్చితంగా చెప్పేశాను. ఆమె కాసేపు ఫ్యాన్ వైపు చూసింది. తర్వాత, "సరే సార్. పెద్ద నది. గాలి శానా ఉంటది. చెట్లు లెవ్వు. చేప గింత" అని చేతులు బారచాపింది.

నాకు అక్కడే అనుమానం వేసింది. కొత్త నటి అప్పగించిన డైలాగులా గబగబా చెప్పేసింది. ఒకసారి పక్క నుంచి కొట్టి చూద్దామని, "హీరో చొక్కా ఏ రంగు?" అన్నాను, మాటల్లో మాటగా.

"అమ్మో, గది చెప్పొద్దు సార్."

చొక్కా రంగు చెప్పని మనిషి నదిని అంత తేలిగ్గా ఎలా చెప్పింది? ఆమె వెళ్లాక మా ఆవిడతో ఇదే అన్నాను. ఈ అమ్మాయి ఏదో దాస్తోంది. రాడ్ తీసుకెళ్లి అమ్మేస్తుందేమో. లేదా ఇంకెవరికోసమో అడుగుతోందేమో. అసలు సినిమానే లేదేమో.

"చెప్పనంటే చెప్పలేదన్నారు. చెబితే ఎందుకు చెప్పిందన్నారు. ఆవిడ ఏం చేయాలండీ?" అంది మా ఆవిడ.

అబద్ధమే చెప్పిందనుకున్నా, అది ఏ అబద్ధమో తెలియదు కదా. చేతిలో ఉన్నది ఆ నది ఒక్కటే. పెద్ద నది, బలమైన గాలి అంటే నా దగ్గరున్న ఎనిమిదో నంబరు రాడ్ ఇవ్వాలి. నంబరంటే వరస కాదు, ఆ రాడ్ మోసే లైను బరువు. తొమ్మిది అడుగుల పొడవు, గట్టిది. గాలిని చీల్చుకుని బరువైన లైనును అవతలికి పంపుతుంది. కానీ లైను సంగతి తేలలేదు. నీటి మీద తేలే లైనా, మునిగే లైనా? ఇలాంటి ధర్మసందేహం వస్తే నేను ఫోన్ చేసే మనిషి ఒక్కడే.

వాడు సౌండ్ రికార్డిస్టు. షూటింగుల్లో నేను కెమెరా పక్కన, వాడు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఓ మూల. ఆ హిమాచల్ వానలో నాతోపాటు చిక్కుకుని, నాతోపాటే ఈ పిచ్చి అంటించుకున్నవాడు. ఆదివారాలు శంకర్‌పల్లి దాటాక ఒక పాత కంకర క్వారీ గుంత దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్తాం. క్వారీ మూసేశాక వాన నీళ్లు నిండి అందులో చేపలు చేరాయి. గుంత యజమాని మమ్మల్ని పిచ్చివాళ్ల కింద జమకట్టి రానిస్తాడు. నటీనటులు మైకు తీయడం మరిచిపోయి మాట్లాడుకున్న రహస్యాలు వాడి చెవిన ఎన్ని పడ్డాయో లెక్కలేదు. ఒక్కటీ బయట పెట్టలేదు. నాకు లోకంలో అనుమానం లేని మనిషి వాడొక్కడే అని మా ఆవిడ దెప్పుతుంది కూడా.

"పెద్ద నది, ఈదురు గాలి అంటున్నావు. అయితే ఎనిమిదే రా. మునిగే లైను కట్టు" అన్నాడు వాడు.

"మునిగే లైను కెమెరాకు కనిపించి చావదు కదరా."

"కెమెరా సంగతి నీకెందుకు? చేప సంగతి చూడు. హీరో ఎవరన్నావు?"

చెప్పాను. ఆ సాయంత్రమంతా సాగింది మా వాదన. చివరికి తేలే లైనే కట్టి, కొస మాత్రం మునిగేలా చేద్దామని ఒప్పందానికి వచ్చాం. ఫోన్ పెట్టేసరికి చెవి వేడెక్కిపోయింది. మనసు మాత్రం హాయిగా ఉంది. ఒక రాడ్ గురించి అంతసేపు మాట్లాడగలిగే మనిషి దొరకడం ఈ ఊళ్లో సామాన్యం కాదు.

రెండ్రోజులకు ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. రాడ్ ముక్కలు ఎలా కలపాలో, రీలు ఎలా బిగించాలో మిద్దె మీద నేర్పించాను. సెట్లో ఆ పని ఆమే చేయాలి. విసరడం కూడా నేర్పమంది. మొదటి విసురుకే లైను వెళ్లి పక్కింటివాళ్ల ఆరేసిన చీరల్లో పడింది. రెండోది నీళ్ల ట్యాంకు గొట్టానికి చుట్టుకుంది. విసుక్కోకుండా విప్పుకుని మళ్లీ మొదలుపెట్టింది.

"షూటింగు మొదటి రోజు దీనికి పసుపు కుంకుమ పెట్టొచ్చా సార్? మేం అన్నిటికి పెడుతం."

"పిడికి పెట్టుకో. ముక్కలు కలిసే చోట మాత్రం పెట్టొద్దు. పసుపు అందులోకి పోతే ఇరుక్కుపోతుంది, నువ్వూ నేనూ చెరోవైపు పట్టుకుని లాగినా రాదు."

తలూపింది. చెప్పింది చెప్పినట్టు మనసులో పెట్టుకునే రకమని అర్థమైంది. అయినా నేను ఓ కంట కనిపెడుతూనే ఉన్నాను. నది అన్నప్పుడల్లా ఆమె కళ్లు పక్కకు పోతున్నాయి. గాలి ఎటు నుంచి వీస్తుందని అడిగితే క్షణం ఆలోచించి చెప్పింది. అక్కడికి వెళ్లి చూసొచ్చిన మనిషి ఆలోచించదు. అయినా రాడ్ ఇచ్చేశాను. ఆకుపచ్చ రంగు మాత్రం పూయొద్దని మరీ మరీ చెప్పి ఇచ్చాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆవిడ ఫోన్ పట్టుకుని వచ్చింది. "ఇది చూశారా?"

సినిమా కబుర్లు చెప్పే యూట్యూబ్ ఛానల్. అందులో ఒకడు చేతులు ఊపేస్తూ అరుస్తున్నాడు. ఫలానా హీరో కొత్త సినిమాలో దిమ్మ తిరిగే సీను! ఈదురు గాలిలో మహా నదిలో హీరో ఒక్కడే, బారెడు చేపతో పోరాటం! చెట్టూ చేమా లేని ఒడ్డున!

నాకు లోపల ఎంత తృప్తి కలిగిందో చెప్పలేను. చూశావా, నా అనుమానం నిజమైంది అన్నాను మా ఆవిడతో. ఆ అమ్మాయే అమ్ముకుంది. పేదరికం, హీరోదేమో పెద్ద పేరు, ఎవడో డబ్బు ఆశ పెట్టి ఉంటాడు. రేపో మాపో ఉద్యోగం ఊడుతుంది, అనుభవించనీ. అలా అంటూనే నా రాడ్ ఏమవుతుందోనని బెంగ పట్టుకుంది.

సాయంత్రానికి బెల్ మోగింది. కిటికీలోంచి చూస్తే అవే చెప్పులు. నాలుగు దులిపేద్దామని నోరు సిద్ధం చేసుకుని తలుపు తీశాను. ఆమె లోపలికి వచ్చి, రాడ్ గొట్టాన్ని జాగ్రత్తగా గోడకు ఆనించి, మంచినీళ్లు అడిగింది. గ్లాసు ఖాళీ చేశాక అప్పుడు నోరు విప్పింది.

"సార్, ఒక మాట అడుగుత. కోపం జేయొద్దు. నది అని ఎవరికి చెప్పిన్రు?"

"నన్నడుగుతున్నావా? నువ్వు ఎవరెవరికి చెప్పావో ముందు అది చెప్పు!"

"అందరికి చెప్పిన సార్. కార్పెంటర్‌కు సముద్రమని చెప్పిన. పడవ కిరాయికిచ్చేటాయనకు చెరువని చెప్పిన. ఎర్రగడ్డల టెంట్లు కుట్టేటాయనకు కాలువని చెప్పిన. నది అని చెప్పింది మీ ఒక్కరికే."

నాకు వెంటనే బుర్రకెక్కలేదు. "ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఎందుకు?"

"ఏడికెల్లి బయటవడ్డదో తెలువాలె గద సార్. మా సారు నేర్పిండు గిట్ల చెప్పుడు. గిప్పుడు సముద్రం రాలే, చెరువు రాలే. నది వచ్చింది."

ఆ గదిలో అందరికంటే అనుమానం ఎక్కువ ఉన్న మనిషిని నేనే. నన్నే అనుమానించి, పరీక్ష పెట్టి, ఆ పరీక్షలో నేను తప్పానని నా సోఫాలో కూర్చుని చెబుతోంది. కోపం వచ్చింది. కోపం కంటే ముందు సిగ్గు వచ్చింది. నేనెవరికీ చెప్పలేదు, ఒట్టు అన్నాను.

మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి, మెత్తగానే, "మునిగే లైనా తేలే లైనా అని పూటంతా ఎవరితో మాట్లాడారండీ?" అంది.

అది చెప్పడం కిందికి వస్తుందని నాకు ఆ క్షణం దాకా తట్టలేదు. రాడ్ గురించి మాట్లాడుకున్నాం, అంతే. పెద్ద నది అని చెప్పకుండా ఎనిమిదో నంబరు సంగతి ఎలా తేలుతుంది? గాలి అని చెప్పకుండా లైను సంగతి ఎలా తేలుతుంది? హీరో పేరంటారా, అదీ అడిగాడు, చెప్పాను. వాళ్ల ముందే వాడికి ఫోన్ చేశాను.

"నేనెవరికి చెబుతాను రా?" అన్నాడు వాడు మొదట. తర్వాత గొంతు తగ్గించాడు. "మా అల్లుడు పక్కనే ఉన్నాడు అప్పుడు. ఫోన్ పెట్టేశాక ఏ సినిమా మావయ్యా అని అడిగాడు. ఇంట్లో మనిషే కదా అనుకున్నాను. వాడికి ఈ మధ్య ఆ ఛానల్‌వాళ్లతో స్నేహం."

ఫోన్ పెట్టేశాను. ఎవరినీ తిట్టడానికి లేకుండా పోయింది.

"మీ డైరెక్టర్ ఏమన్నాడమ్మా?" అని అడిగింది మా ఆవిడ, నేను అడగాల్సిన ప్రశ్న.

"నవ్విండమ్మా. బయటికి పోయింది అబద్ధమే గద. కానీ ఏడికెల్లి పోయిందని అడిగిండు. రాడ్ తెచ్చిన కాడికెల్లి అని చెప్పిన. గా మనిషితోని మళ్ల మాట్లాడితే నువ్వు గుడ పోతవ్ అన్నడు."

"మరి వచ్చావు?" అన్నాను.

"రాడ్ కావాలె గద సార్. మీరిచ్చింది అబద్ధం నదికి. నిజం నీళ్లకు నా తాన రాడ్ లేదు. ఎల్లుండి సామాను లారీ పోతది."

"అయితే ఆ నిజం నీళ్లేవో ఇప్పుడు చెప్పు. ఈసారి నా నోరు పెగలదు."

ఆమె నా మొహం వైపు చూసింది. ఆ చూపులో ద్వేషం లేదు, జాలి లేదు. నమ్మకం కూడా లేదు. నేను జీవితమంతా ఇతరుల వైపు చూసిన చూపే అది. అది నా మీద పడితే ఇంత నొప్పిగా ఉంటుందని నాకు తెలియదు.

"చెప్పలేను సార్. ఏమనుకోకుండ్రి. మీరు నాకు నేర్పించుండ్రి. ఏ నీళ్లకు ఏ రాడో అన్నీ చెప్పుండ్రి. నేనే ఏరుకుంట."

నాలుగు గొట్టాలూ తెచ్చి భోజనాల బల్ల మీద పరిచాను. మొదట ఎనిమిదో నంబరు, దాని సంగతి ఆమెకు తెలుసు. తర్వాత పొట్టి రాడ్ తీశాను. మూడో నంబరు, చేతిలో ఉన్నట్టే ఉండదు. సన్నటి వాగు, పైన కొమ్మలు కమ్ముకుని చెయ్యెత్తే చోటు లేనప్పుడు ఇది. జానెడు చేపకు ఇదే ఎక్కువ. పెద్ద రాడ్‌తో జానెడు చేపను పట్టడంలో మజా ఏముంది? అది కొట్టుకునేది చేతికి తెలియదు. అవి చెబుతూ ఓరగా ఆమె కళ్లు చూశాను. ఏమీ కదల్లేదు. "చెట్లు లేకుండ వాగు సన్నగుంటే?" అని మాత్రం అడిగింది.

"అప్పుడు కొంచెం పొడుగుది తీసుకో." అయిదో నంబరు చూపించాను. ఇది అన్నిటికీ మధ్యరకం. చెరువు, ఓ మోస్తరు ఏరు, పిల్లగాలి, దేనికైనా సర్దుకుంటుంది. ఎటూ తేలనప్పుడు దీన్ని పట్టుకెళ్లేవాళ్లు ఎక్కువ. నాకు అంత ఇష్టం ఉండదు, ఎటూ తేలని మనుషులంటే నాకు పడదు కాబట్టి. నాలుగోది నా మొదటి రాడ్, పాతకాలపు ఫైబర్ గ్లాసుది. మెత్తనిది. కొస నుంచి పిడి దాకా మొత్తం వంగుతుంది. గాలిలో పనికిరాదు. కానీ నీళ్లు అద్దంలా నిలిచి ఉన్నప్పుడు, చేప నీడకే బెదిరిపోయేటప్పుడు, ఈగను ఇంత నెమ్మదిగా వాల్చేది ఇంకోటి లేదు. దాన్ని విసిరేటప్పుడు తొందర పనికిరాదు. లైను వెనక పూర్తిగా చాపుకునే దాకా ఆగాలి.

"పడవల కూసోని విసిరితే?"

"గాలిని బట్టి అయిదోదో, ఎనిమిదోదో."

"మంచు పడుతుంటే?"

పడవ నిజమా, మంచు నిజమా? నేను ప్రతి ప్రశ్ననూ పట్టి పట్టి చూశాను. ప్రతి రాడ్‌కూ సమానంగా అడిగింది. ప్రతి జవాబుకూ ఒకేలా తలూపింది. మనుషుల కదలిక ముందే పసిగట్టడం నాకు అన్నం పెట్టిన విద్య. ఆమె దగ్గర అది ఒక్క అంగుళం కూడా పనిచేయలేదు. లోపల ఎక్కడో ఆమె మీద గౌరవం పుట్టింది. పుట్టినందుకు చిరాకు కూడా పడ్డాను.

అన్నీ విన్నాక లేచి నిలబడి, "జర బాల్కనీలకు పోతరా సార్?" అంది.

నా ఇంట్లో, నా రాడ్ల దగ్గర నుంచి నన్ను లేచి పొమ్మంటోంది. మా ఆవిడ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెళ్లాను. బాల్కనీలో నిలబడి, కొండ మీది బంగళాల వైపు పోయే కార్లు చూస్తూ ఉన్నాను. లోపల గొట్టాల మూతలు తీసిన చప్పుడు, మళ్లీ పెట్టిన చప్పుడు. మూతల చప్పుడు కూడా ఒక్కో గొట్టానికి ఒక్కోలా ఉంటుంది. చెవులు మూసుకున్నాను. ఎవరూ చూడలేదు, అయినా నిజంగానే మూసుకున్నాను.

పిలిచేసరికి నాలుగు గొట్టాలూ మూతలు బిగించి బల్ల మీద వరసగా ఉన్నాయి. సెట్టు కోసం తెచ్చిన కర్టెన్ కడ్డీలను దుప్పట్లో చుట్టి కింద స్కూటీ మీద కట్టి ఉంచిందట. నన్ను పిలవకముందే ఆ మూట పైకి తెచ్చుకుని, రాడ్ ముక్కలు అందులో కలిపేసింది. పొడుగును బట్టి కూడా పోల్చుకోవడానికి లేదు.

"షూటింగ్ అయ్యేదాక గొట్టాలు ముట్టుకోకుండ్రి సార్. ముట్టుకుంటే బరువు తెలిసిపోతది మీకు."

ఆ మాట నాకు తట్టకముందే ఆమెకు తట్టింది. ఆమె వెళ్లాక మా ఆవిడ చేత గొట్టాలు అటక మీద పెట్టించాను. "మీరే పెట్టొచ్చుగా" అంది మా ఆవిడ. వద్దన్నాను.

మర్నాడు మా సౌండ్ రికార్డిస్టు ఫోన్ వచ్చింది. అల్లుణ్ని గట్టిగా చీవాట్లు పెట్టానన్నాడు. గొంతులో నిజమైన బాధ ఉంది. తర్వాత అలవాటు కొద్దీ, "ఇంతకీ ఏ రాడ్ పట్టుకెళ్లింది రా?" అన్నాడు.

"నాకు తెలియదు రా."

"నీ ఇంట్లోంచి నీ రాడ్ పోతే, ఏది పోయిందో నీకు తెలియదా?"

"ఒట్టు రా. గొట్టాలు మూసే ఉన్నాయి. నేను తెరవలేదు."

"నువ్వు? తెరవలేదా?"

నన్ను ఎరిగినవాడు కాబట్టే నమ్మలేకపోయాడు. నేనైనా నమ్మను. పాల ప్యాకెట్ మీద తేదీ చూసే మనిషి మూసిన గొట్టం తెరవకుండా ఉన్నాడంటే ఎవరు నమ్ముతారు? "సరేలే, చెప్పకు. తప్పు నాదే కదా" అని పెట్టేశాడు. నేను మళ్లీ చేసి ఏం చెప్పాలి? చెప్పింది నిజమే. నిజానికి ఇంకేం కలిపితే నమ్ముతాడో నాకు తెలియలేదు.

కొన్నాళ్లకు ఆ అమ్మాయి నుంచి మెసేజ్ వచ్చింది. షాట్ ఓకే అయింది సార్, హీరో రాడ్ చూసి ఎవరు ఏరిన్రు అని అడిగిండు, నేనే అని చెప్పిన. తెర మీద నా పేరు పక్కా అన్నరు. సినిమా వచ్చేదాక గొట్టాలు మాత్రం తెరవకుండ్రి. మా ఆవిడ చదివి వినిపించమంటే రెండుసార్లు చదివాను. చాలా సంతోషం వేసింది. ఏ రాడ్ ఏరిందో నాకు తెలియకపోయినా, సరైనదే ఏరింది.

ఆదివారం క్వారీ గుంత దగ్గరికి వెళ్లాను. వాడు నాకంటే ముందే వచ్చి, అవతలి ఒడ్డున నిలబడి విసురుతున్నాడు. ఎప్పుడూ పక్కపక్కన నిలబడేవాళ్లం. అటక మీది గొట్టాలు తెరవడం ఇష్టం లేక, వాడి దగ్గరున్న రెండో రాడ్ అడుగుదామనే ఖాళీ చేతులతో వచ్చాను. చుట్టూ తిరిగి వాడి దగ్గరికి వెళ్లేసరికి వాడు ఒక చేపను తీసి నీళ్లలోకి వదిలేస్తున్నాడు. మంచి చేప.

"ఏ ఈగ కట్టావు రా?" అన్నాను. ఇన్నేళ్లుగా ఒకరినొకరం ఆ ఒడ్డున మొదట అడిగే మాట అదే.

వాడు లైను చుట్టుకుంటూ, కొసకున్న ఈగను అరచేతిలోకి తీసుకుని గుప్పిట మూశాడు.

"ఏదో ఒకటిలే రా" అన్నాడు.